విరిచి చదవాల్సిన మాట

పదకొండేళ్లుగా ఓబులేసు ఒకే ఒక్క మాటకు మొహం వాచి ఉన్నాడు. ఆ మాట ‘బాగుంది’. అది హకీం ఖుద్దూస్ సాబ్ నోట రావాలి.

ఆదోనిలో పత్తి మార్కెట్టు వెనక సందులో సాబ్ దవాఖానా. అక్కడ శిష్యుడిగా చేరినప్పుడు ఓబులేసుకు వాముకూ సోంపుకూ తేడా తెలియదు. ఇప్పుడు నాడి పట్టుకుంటే రాత్రి ఏం తిన్నారో చెబుతాడు. ఏం లాభం? లేహ్యం చేసి చూపించినా, కట్టు కట్టి చూపించినా సాబ్ గడ్డం నిమురుకొని, “పర్వాలేదు బేటా” అంటాడు. అంతే. పిసినారి కూడా అంతకన్నా ఎక్కువ విదిలిస్తాడు!

ఆ ఏడు దవాఖానాను నడిపే ట్రస్టువాళ్లు తనిఖీకి వస్తామని కబురు పెట్టారు. ఓబులేసు నడుం కట్టాడు. గోడలకు సున్నం వేయించాడు, సీసాలన్నిటికీ చీటీలు అంటించాడు, టోకెన్లు పెట్టాడు. గుమ్మం దగ్గర బల్ల వేసుకొని, మందు తీసుకొని పోయే ప్రతి మనిషినీ “ఎట్లుంది?” అని అడిగి, చెప్పింది చెప్పినట్టు పుస్తకంలో రాశాడు. ఆర్నెల్లలో పుస్తకం నిండిపోయింది.

తనిఖీవాళ్లు వచ్చారు. పుస్తకం తిరగేసి నోళ్లు వెళ్లబెట్టారు. “ఒక్క ఫిర్యాదు కూడా లేదే!” అన్నారు. వందకు తొంభై ఆరు మార్కులు వేసి, అద్దం బిగించిన యోగ్యతాపత్రం చేతిలో పెట్టి వెళ్లారు.

ఓబులేసు దాన్ని గుండెకు హత్తుకొని లోపలికి పరుగెత్తాడు. ఇవాళ అనకపోతే ఇంకెప్పుడు అంటాడు?

సాబ్ పత్రాన్ని ఒళ్లో పెట్టుకొని, అద్దాన్ని అరచేత్తో మెల్లగా తడిమాడు.

“పర్వాలేదు బేటా.”

ఓబులేసు నేల మీద చతికిలబడ్డాడు. “పదకొండేండ్లు సాబ్! ఒక్కసారన్నా బాగుందని అనకూడదా? ఆ మాట కోసం నేనెంత కొట్టుకుంటున్నానో మీకు తెల్దా?”

సాబ్ పత్రాన్ని పక్కన పెట్టాడు. తర్వాత, “ఆ పుస్తకం తెచ్చి చదువు” అన్నాడు.

ఓబులేసు ముక్కు ఎగబీల్చుకుంటూ చదివాడు. “సుంకమ్మ, పర్వాలేదు. జిన్నింగు మిల్లు ఈరన్న, పర్వాలేదు. హుసేనమ్మ, పర్వాలేదు...”

“అందరూ అదే అన్నారా?”

“అందరూ సాబ్.” గొంతులో కాస్త గర్వం తొంగిచూసింది.

“ఆ మాటను విరిచి చదువు.”

“పర్వా...” ఓబులేసు ఆగాడు. “లేదు.”

“పర్వా అంటే పట్టింపు. మా ఉర్దూలోంచి మీ ఇంటికొచ్చిన మాట. లేదు మాత్రం మీదే.” సాబ్ లేచి, గోడ పట్టుకొని నమాజుకు పోయాడు.

తిక్క ముసలాయన, మాటలతో ఆడుకుంటాడు అని గొణుక్కున్నాడు ఓబులేసు.

మర్నాడు పొద్దున గుమ్మం దగ్గర వరుసలో పదిహేడో టోకెను పట్టుకొని సాబే నిలబడి ఉన్నాడు. జనం ముసిముసిగా నవ్వారు. ఓబులేసుకూ నవ్వొచ్చింది.

“ఎట్లుంది సాబ్?”

“పర్వాలేదు.”

ఓబులేసు కొత్త పుస్తకంలో పేరు రాశాడు. పక్కన ‘పర్వా’ అని రాశాడు, అక్కడ కలం ఆగింది. తలెత్తి చూశాడు. సాబ్ టోకెను పెట్టడానికి బల్ల అంచు కోసం గాల్లో వెతుకుతున్నాడు. టోకెను కిందపడింది.

ఓబులేసు కలం మూసేశాడు. బల్ల చుట్టి వచ్చి, సాబ్‌ను చేయి పట్టుకొని బెంచీ మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చున్నాడు.

“ఎట్లుంది సాబ్?” మళ్లీ అడిగాడు.

సాబ్ జవాబు చెప్పలేదు. ఓబులేసు లేవలేదు.

“కండ్లు మసకేసినాయి బేటా,” అన్నాడు చివరికి. “ఆర్నెల్లయింది. నాడి అందుతుంది గానీ నీ మొహం అందడం లేదు. నిన్నటి పత్రంలో ఏముందో కూడా నాకు కనపడలేదు.”

“అయ్యో! నాకెందుకు చెప్పలేదు సాబ్?”

“రోజూ పొద్దున్నే ఎట్లుందని అడిగేవాడివి గదా. నేను నోరు తెరిచేలోగా వెళ్లిపోయేవాడివి. రెండోసారి అడుగుతావేమోనని చూస్తా ఉన్నా.”

ఓబులేసు కళ్లు తుడుచుకున్నాడు. పట్టుకున్న చేయి వదల్లేదు. వరుసలో పద్దెనిమిదో టోకెను జిన్నింగు మిల్లు ఈరన్నది.

“ఇట్లొచ్చి కూర్చో ఈరన్నా. ఎట్లుంది?”

“పర్వాలేదు ఓబులేసన్నా.”

“సరే. ఎట్లుంది?”

ఈరన్న అటూ ఇటూ చూశాడు. ఎడంచెయ్యి కడుపు మీదికి పోయింది. “ఆ మందు ఎప్పుడో మానేసినా అన్నా. మింగితే కడుపులో ఒకటే మంట. మీరు చిన్నబుచ్చుకుంటారని చెప్పలా.”

పక్కన సాబ్ గడ్డం నిమురుకున్నాడు.

“బాగుంది” అన్నాడు.