పలికితేనే పార

అనగనగనగా... ఎప్పుడని మాత్రం అడక్కండి. మా తాతకి వాళ్ల తాత చెప్పేనాటికే పాతబడిపోయిన కథ ఇది. ఊఁ కొట్టేవాళ్లు దగ్గరికి జరగండి. కునికేవాళ్లు లేచి పోండి, నాకేం కోపం లేదు.

కొండలకీ సముద్రానికీ మధ్య ఓ చిన్న ఏరు. పేరు సన్నేరు. పొద్దున్నే దాని ఊట దగ్గర బయల్దేరితే, పొద్దుగూకేలోగా అది సముద్రంలో కలిసే చోటికి నడిచిపోవచ్చు. అంత చిన్నది. కొండమీద దాన్ని గెడ్డ అంటారు. రాళ్లమీంచి దూకుతూ నానా అల్లరీ చేస్తుంది. పల్లంలోకి దిగాక ఏరంటారు. మూడూళ్ల వరిచేల మధ్య మూడు మెలికలు తిరుగుతుంది. సముద్రం కనబడిందా, ఇక కదల్లేదు. జమ్ములో చతికిలబడిపోతుంది. అక్కడ ఉప్పుటేరంటారు.

పాపం, సముద్రంలో పడే బలం దానికి లేదు. ఎండాకాలం నీళ్లు సన్నగిల్లితే సముద్రం ఊరుకుంటుందా? ఇసక తెచ్చి, తెచ్చి, తెచ్చి మొగ పూడ్చేస్తుంది. మొగంటే ఏరు సముద్రంలోకి పోయే గుమ్మం. వానలొచ్చి కొండనీళ్లు దిగేసరికి గుమ్మం మూసుంటుంది. మరి నీళ్లు ఎక్కడికి పోతాయి? వెనక్కి తంతాయి. ముందు చేలల్లోకి, ఆనక పశువుల శాలల్లోకి, ఆనక ఇళ్లల్లోకి.

అందుకని మొగ తవ్వడానికి ఓ మనిషుండేవాడు. వాడే దండాసి. జాలరివాడు. వలా లేదు, పడవా లేదు. ఒక పార ఉంది, ఒక గొంతుంది, గున్నమ్మని ఒక కూతురుంది. పెళ్లాం ఎప్పుడో పోయింది. ఆ పిల్లే వాడికి లోకం. వాడి గుడిసె ఉప్పుటేటికి ఇవతల. సముద్రం పోసిన ఇసకకట్టేమో అవతలి ఒడ్డున. వానాకాలం వాడు కట్టమీదే తాటాకు కప్పుకుని కాపలా ఉంటే, గున్నమ్మ రోజూ తెప్ప మీద అంబలి తెచ్చిచ్చేది.

మొగ తవ్వడానికి రెండు కట్టుబాట్లు. సముద్రం వెనక్కి తీసే వేళ చూసి తవ్వాలి. తవ్వేముందు ఉప్పుటేటి వైపు తిరిగి మూడుసార్లు పిలవాలి. ఎందుకంటే జానెడు కాలవ తీస్తే చాలు, మిగతాది నీళ్లే తవ్వేసుకుంటాయి. ఆ వరదలో ఏ గుల్లలేరేవాళ్లో, ఏ పీతలు పట్టేవాళ్లో ఉన్నారా, ఇక అంతే సంగతులు.

ఒక యేడు వాన పట్టింది. కొండంతా కురిసింది, పల్లమంతా కురిసింది, సముద్రమంతా కురిసింది. మూడూళ్ల పెద్ద సూరినాయుడు దోనె వేసుకుని కట్టమీదికొచ్చాడు.

"దండాసీ, సేలు మునిగిపోతన్నాయిరా, మొగ తియ్యి!"

"తుపాను పోటు మీదుంది నాయుడుబావూ. ఇప్పుడు తీస్తే సముద్రమే లోపలికొచ్చేస్తాది."

నాయుడు పోయాడు. మర్నాడు మళ్లీ వచ్చాడు.

"దండాసీ, పశువులు మునిగిపోతన్నాయిరా, మొగ తియ్యి!"

"ఇంకొక్క పూట బావూ. కెరటం తగ్గనీ."

మూడోనాడు నాయుడు ఏడుస్తూ వచ్చాడు. "దండాసీ, మనుషులు మునిగిపోతన్నార్రా. ముసిలోల్లని చూర్లెక్కించేం. మొగ తియ్యరా నాయనా!"

దండాసి సముద్రం చూశాడు. వెనక్కి తీస్తోంది. పార అందుకున్నాడు. అందుకుని ఆగాడు.

"బావూ, నా గుంట ఇంకా అంబలి తేలేదు. దార్లో అగుపించిందా?"

"ఇప్పుడే చూసొచ్చేన్రా. ఇంట్లోనే ఉంది. పుల్లలు తడిసిపోయి పొయ్యి రాజుకోక ఊదుకుంటంది. కానీ, వేగిరం కానీ!"

నాయుడు అబద్ధమాడలేదు. ఆయన చూసినప్పుడు పిల్ల పొయ్యి దగ్గరే ఉంది. కానీ ఎంతసేపని ఊదుతుంది? అయ్య ఆకలితో ఉన్నాడని, ఉడికీ ఉడకని అంబలే కుండలో పోసుకుని తెప్పెక్కింది.

దండాసి జమ్ము వైపు తిరిగి చేతులు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"మొగ తెగుతోందర్రో! ఒడ్డెక్కండర్రో!"

ఒకసారి పిలిచాడు. రెండోసారి పిలిచాడు. మూడోసారి పిలిచాడు. కానీ ఆవేళ పడమటి గాలి. కొండవైపు నుంచి కొడుతోంది. వాడి మూడు పిలుపులూ వాడి వీపు వెనక సముద్రంలో పడిపోయాయి. జమ్ములోకి ఒక్కటీ పోలేదు. ఆ సంగతి వాడికి తట్టలేదర్రా! గాలి చూడ్డం పుట్టుకతో వచ్చినవాడికి, ఆ తొందరలో, ఆ ఏడుపుల్లో తట్టలేదు. కట్టుబాటు ప్రకారం మూడుసార్లు పిలిచాడు, పార వేశాడు.

జానెడు కాలవ బారెడైంది. బారెడు కాస్తా రెండు బళ్లు పట్టేంతైంది. నీళ్లు ఉరుముతూ సముద్రంలోకి దూకుతున్నాయి. నాయుడు కట్టమీద చిందులేస్తున్నాడు. అప్పుడొచ్చింది జమ్ములోంచి తెప్ప.

గున్నమ్మ గడ నేలకి అందడం లేదు. కుండ మాత్రం ఒళ్లో పట్టుకునే ఉంది. వాడు తవ్విన కాలవలోంచే, వాడి కళ్లముందునుంచే పోయింది. దండాసి పార కర్ర చాచాడు. మూరెడు దూరంలో తప్పింది.

"అయ్యా!" అంది పిల్ల. అంతే. ఇంకో మాటకి వ్యవధి లేదు.

వాడు దూకబోతే నాయుడూ దోనెవాడూ ఇసకలో పడేసి ఒత్తి పట్టుకున్నారు. వదిలేసున్నా బాగుండేదని తర్వాత చాలామంది అన్నారు. తెప్ప కర్రలు రెండు దొరికాయి. పిల్ల దొరకలేదు.

మూడూళ్లు బతికాయి. అది నిజమే, కాదనడానికి లేదు. ఊళ్లోవాళ్లు వచ్చి వాణ్ని ఓదార్చారు.

"నీ తప్పేటుంది దండాసీ? మూడుసార్లూ పిలిచేవు గదా."

"పిలిచేను," అన్నాడు వాడు. "పలికిందా?"

తలొంచుకుని పోయారు.

మరుసటేడు వానలకి మొగ తియ్యమంటే దండాసి కట్టమీద నిలబడి పిలిచాడు. పిలిచి, పార ఆనుకుని కూర్చున్నాడు. "తవ్వరా" అంటే, "పలకనీండి" అన్నాడు. "ఎవరు పలకాలిరా?" అంటే, "నా గుంట" అన్నాడు. ఆ యేడు జాలిపడి వాళ్లే తలో చెయ్యీ వేసి తవ్వుకున్నారు. రెండో యేడూ అదే మాట. వాడితో వాదించేలోగా ఒక ఊరి చేలు కుళ్లిపోయాయి, బండబూతులు తిట్టారు. మూడో యేడు పార లాక్కుని పోలయ్యనే కుర్రజాలరి చేతికిచ్చారు.

పార పోయింది. పిల్ల పోయింది. మిగిలింది గొంతొక్కటే. దండాసి కట్టమీదే ఉండిపోయాడు. పొద్దున్నా, మిట్టమధ్యాన్నం, పొద్దుగూకే వేళా పిలిచేవాడు. ఎవరైనా గంజి పోస్తే తాగేవాడు, అంబలి మాత్రం ముట్టేవాడు కాదు. ఒక వేసంగిలో, ఇసక మొగని పూర్తిగా మూసేసిన రోజుల్లో, పిలుస్తూ పిలుస్తూ పోయాడు. ఎవరూ ఏడవలేదు. పీడ విరగడైందన్నవాళ్లూ ఉన్నారు, దాచడమెందుకు?

ఆ వానాకాలం ఏరు నిండింది. పోలయ్య మూడుసార్లు పిలిచి పార ఎత్తాడు. ఎత్తిన చెయ్యి కిందికి దిగలేదు.

"ఏట్రా ఆగిపోయేవు?" అన్నారు జనం.

ముసలివాడైపోయిన సూరినాయుడు కర్ర పోటేసుకుని ముందుకొచ్చాడు. "ఆగనీండర్రా. పలుకుతారేమో చూడండి," అన్నాడు.

జనం గొణిగారు, విసుక్కున్నారు, తిట్టుకున్నారు. ముసలాడికీ దండాసి పిచ్చి పట్టిందన్నారు. అంతలో జమ్ములోంచి సన్నగా వచ్చింది ఒక గొంతు.

"ఉన్నానర్రో! ఎరకమ్మనర్రో! పీతలకొచ్చేనర్రో! ఆగండర్రో!"

ఎరకమ్మ ముసల్ది బుట్ట నెత్తిన పెట్టుకుని, పీకల్లోతు నీళ్లలో కాళ్లీడ్చుకుంటూ వచ్చి ఒడ్డెక్కింది. జనం ఎందుకలా గుడ్లప్పగించి చూస్తున్నారో దానికి తెలీలేదు. సూరినాయుడు తడి ఇసకలో కూలబడిపోయాడు. "ఇంతసేపేరా," అని తల బాదుకున్నాడు. "ఆ యేడు ఇంతసేపు ఆగుంటే సరిపోయేది. వేగిరం, వేగిరమని నేనే సంపేసేన్రా. తండ్రినీ కూతుర్నీ ఇద్దర్నీ సంపేసేన్రా!" ఆయన్ని ఓదార్చడానికి ఎవరూ ముందుకి రాలేదు.

ఇప్పటికీ వానలు పడితే సన్నేటి మొగ దగ్గరికి మూడూళ్లవాళ్లూ వస్తారు. ఒకడు కట్టమీద నిలబడి మూడుసార్లు పిలుస్తాడు. ఉప్పుటేటి ఒడ్డు పొడుగునా ఉన్నవాళ్లు ఒక్కొక్కరే తమ పేరు చెప్పి పలుకుతారు. ఆడా మగా, పిల్లా పెద్దా, ఆఖరి మనిషి దాకా. అందరూ అయిపోయాక కూడా పార వెయ్యరు. నీళ్లు చేలల్లోకి ఎక్కుతున్నా సరే, జమ్ము వైపు చెవి పెట్టి ఇంకొకరి కోసం ఆగుతారు. ఎవరూ పలకరు. అప్పుడు తవ్వుతారు.