మోకు మీద ఒట్టు

ఏదులబండ ఊరి తాటివనంలో ఉప్పలయ్య అనే కల్లు గీత కార్మికుడు ఉండేవాడు. ఎంత ఎత్తు చెట్టయినా చకచకా ఎక్కేసేవాడు గానీ, చేసిన తప్పు ఒప్పుకోవాలంటే మాత్రం అతనికి గుండె జారిపోయేది.

చిన్నప్పటి నుంచీ అంతే. కుండ పగలగొడితే నెపం పిల్లి మీదికి తోసేవాడు. మేక తప్పిపోతే కంచె మీదికి తోసేవాడు. పెద్దయ్యాక కూడా ఆ బుద్ధి పోలేదు. అట్లా అని చెడ్డవాడేం కాదు. ఒకరి జోలికి పోయేవాడు కాదు, భార్య అండాలును పల్లెత్తు మాట అనేవాడు కాదు. భయం ఒక్కటే అతని జబ్బు.

గీత పని ఎట్లా చేస్తారో తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. నడుమునూ చెట్టునూ కలిపి ఒక గట్టి తాడు చుట్టుకుంటారు. దాన్నే మోకు అంటారు. ఆ మోకు మీద వెనక్కి వాలి, పాదాలు చెట్టుకు ఆనించి పైకి పాకుతారు. పైన గెల కోసి, దాని కింద లొట్టి అనే చిన్న కుండ కట్టి కల్లు పడతారు. మోకు గట్టిగా ఉంటే మనిషి ఉన్నట్టు, తెగితే పోయినట్టు. అందుకే ఆ వనంలో మోకు మీద చెయ్యి వేసి కాటమయ్య పేరు పలికితే ఇక దానికి తిరుగు లేదు, అబద్ధమైతే ఆ మోకే తెగుతుందని నమ్మకం. కాటమయ్య అంటే గీత పని చేసేవాళ్ల దేవుడు. వనం మొదట్లో వేపచెట్టు కింద రాయై కూర్చుని ఉంటాడు. ఆయనకు దండం పెట్టుకోకుండా ఎవరూ చెట్టెక్కరు.

ఒకరోజు ఉప్పలయ్య ఇంటికి బావమరుదులు చెప్పాపెట్టకుండా దిగారు. ఆ పూట అతని చెట్లకు కల్లు సరిగ్గా పారలేదు. పక్కనే సోమనర్సయ్య అనే ఇంకో గీత కార్మికుడి చెట్టు మీద లొట్టి నిండి పొంగుతోంది. పక్కవాడి లొట్టి ముట్టుకోవడం ఆ వనంలో మహా తప్పు. "ఒక్క లొట్టే కదా, ఎవరు చూస్తారు?" అనుకుని ఉప్పలయ్య అటూ ఇటూ చూసి దించేశాడు.

ఆ కల్లు సోమనర్సయ్య తన కూతురి పెళ్లిచూపులకు వచ్చేవాళ్ల కోసం ఉంచుకున్నాడు. చుట్టాలు వచ్చి కూర్చున్నారు. ఆయన చెట్టెక్కితే లొట్టి ఖాళీ. కల్లు గీసే గౌడు ఇంట్లో చుట్టానికి కల్లు లేదంటే అంతకంటే చిన్నతనం ఏముంటుంది! "పిలిచి గొంతు ఎండబెడతారా?" అని వాళ్లు మూతి ముడుచుకుని వెళ్లిపోయారు.

మర్నాడు సోమనర్సయ్య వనంలో అందరి ముందూ అడిగాడు.

"తమ్మీ, నా చెట్టు మీది కల్లు నువ్వు గిట్ల దించినవా?"

"నేనా? నేనెందుకు దించుత అన్నా?" అన్నాడు ఉప్పలయ్య.

"నీ చెట్టు పక్కనే కదా నాది. అందుకే అడుగుతున్న."

నలుగురూ చూస్తున్నారు. 'అవునన్నా, తప్పైంది' అంటే అక్కడితో పోయేది. సోమనర్సయ్య నాలుగు తిట్లు తిట్టి ఊరుకునేవాడు. అంత చిన్న మాట నోట రాలేదు మహానుభావుడికి! చెయ్యి తీసి మోకు మీద వేశాడు.

"కాటమయ్య మీద ఒట్టు. నేను దించలే!"

సోమనర్సయ్య ముఖం పాలిపోయింది. "అయ్యో తమ్మీ, ఒట్టు దాకా ఎందుకురా! నిన్ను అనుమానించిన, నాదే తప్పు" అని ఉప్పలయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు. ఉప్పలయ్యకు ఆ క్షణం భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది.

ఆ రోజు మొదలైంది అసలు భయం. మోకు చుట్టుకుంటే చాలు, ఒళ్లంతా చెమటలు. ఏ నార కొంచెం కిర్రుమన్నా 'అయిపోయింది, తెగుతోంది' అనుకునేవాడు. కొత్త మోకు పేనుకున్నాడు. లాభం లేకపోయింది. ఒట్టు తాడును చూసి ఆగుతుందా, మనిషిని వెతుక్కుంటూ వస్తుంది గానీ! అన్నం ముద్ద గొంతు దిగేది కాదు.

"ఏమైందయ్యా నీకు? రోజూ కాటమయ్యకు మొక్కుతున్నవా లేదా?" అని అండాలు అడిగింది.

"మొక్కుతున్న" అన్నాడు. అదీ అబద్ధమే. ఒట్టు వేసిన నాటి నుంచి అతను వేపచెట్టు వైపే పోవడం లేదు. వనం వెనకాల తుమ్మముళ్లలోంచి, కాళ్లు గీరుకుపోతున్నా సరే, దొంగలా దూరి వెళ్లేవాడు. ఇదివరకు భయమేస్తే కాటమయ్య దగ్గరికి పోయేవాడు. ఇప్పుడు కాటమయ్య అంటేనే భయం. ఇక ఎవరి దగ్గరికి పోతాడు చెప్పండి!

వానాకాలం వచ్చింది. ఒక ఉదయం సన్నటి జల్లు పడి ఆగాక ఉప్పలయ్య వనంలోకి వెళ్లాడు. చెట్లన్నీ తడిసి జారుడుగా ఉన్నాయి. "ఇయ్యాల ఆగరాదురా" అని కింద కూర్చున్న ఐలయ్య తాత అన్నాడు. ఆ తాత ముసలితనం వల్ల చెట్టెక్కడం మానేసినా వనానికి రావడం మానలేదు. ఉప్పలయ్య వినలేదు. ముందు ఎక్కేసి, తొందరగా దిగిపోదామనే ఆలోచన అతనిది.

పైకి చేరాడు. తల మీద మట్టల గుబురు. లొట్టి విప్పడానికి కొంచెం పక్కకు జరిగి ఒక మట్ట మొదలు మీద కాలు వేశాడు. పచ్చిగా కనిపించిన ఆ మట్ట లోపల కుళ్లిపోయి ఉంది. ఫెళ్లున విరిగింది. ఆకాశం కిందికి పోయింది, నేల పైకి వచ్చింది.

కేక వేయడానికి కూడా ఊపిరి లేదు. కొద్దిసేపటికి గానీ ఏం జరిగిందో తెలియలేదు. తలకిందులుగా వేలాడుతున్నాడు. నడుము దగ్గర ఉండాల్సిన మోకు తొడల దాకా జారి అక్కడ బిగుసుకుపోయింది. ఒక పాదం రెండు మట్టల మధ్య ఇరుక్కుంది. చేతికి ఒక మట్ట మొదలు దొరికితే దాన్ని పట్టుకుని ఉన్నాడు. అంతే ఆధారం. మొలలోని కత్తి జారి కిందికి పోయింది. అది నేల మీద పడిన చప్పుడు ఎంతసేపటికో వినిపించింది.

"సచ్చిపోత! ఎవరన్నా రారి! అండాలూ!" అని అరిచాడు.

ఐలయ్య తాత కర్ర పారేసి చెట్టు కిందికి ఉరికాడు. "ఓరి నాయనో! ఉప్పలి పడుతున్నడు, రారిరా!" అని వనమంతా వినబడేలా కేకలు పెట్టాడు. తలో చెట్టు మీదా ఉన్నవాళ్లు దిగి పరుగెత్తుకొచ్చారు. ఊళ్లోంచి అండాలు గుండెలు బాదుకుంటూ వచ్చింది.

"ఉప్పలీ! కదలకురా!" అని తాత కింది నుంచి అరిచాడు. "మోకు గట్టిగనే ఉన్నది. కాటమయ్యను తలుసుకో బిడ్డా! ఆయన్నే పట్టుకో!"

ఉప్పలయ్య నోరు తెరిచాడు. పేరు రాలేదు. ఏ పేరు మీద అబద్ధమాడాడో ఆ పేరు ఎట్లా పిలుస్తాడు? పిలిస్తే ఆయన తల తిప్పి చూస్తాడు. 'ఓహో, నువ్వా, దొరికినవు' అని మోకు తెంపేస్తాడు. అందుకని పళ్లు బిగించి, చప్పుడు చేయకుండా, కళ్లు గట్టిగా మూసుకున్నాడు. దేవుడికి కనబడకుండా దాక్కుందామని పాపం! తాటిచెట్టు చివర, తలకిందులుగా!

గాలి వీచింది. చెట్టు ఊగింది. మోకు కిర్రుమంది. 'తెగుతుంది' అనుకున్నాడు. తెగలేదు. మళ్లీ కిర్రుమంది. 'ఇప్పుడు తెగుతుంది.' తెగలేదు. ముఖానికి రక్తం దిగి చెవులు హోరెత్తుతున్నాయి. కాళ్లు మొద్దుబారాయి. వేళ్లు ఒక్కొక్కటీ పట్టు తప్పుతున్నాయి. కింద అండాలు ఏడుపు వినబడుతోంది. మళ్లీ గాలి. మళ్లీ కిర్రుమంది. అప్పుడూ తెగలేదు.

అప్పుడు అతనికి ఒక ఆలోచన వచ్చింది. 'ఆయన తెంపాలనుకుంటే ఇంతసేపు ఎందుకు ఆగుతాడు? ఒట్టు వేసిన రోజే తెంపొచ్చు కదా! ఇన్నాళ్లూ నేను ఎక్కుతూనే ఉన్నాను, దిగుతూనే ఉన్నాను. మొక్కకపోయినా దింపుతూనే ఉన్నాడు.' అంతే, ఆపుకోలేకపోయాడు. ఏడుపు తన్నుకొచ్చింది. కన్నీళ్లు నుదుటి మీదుగా జుట్టులోకి కారాయి.

"కాటమయ్యా" అన్నాడు. "అబద్ధమాడిన. నీ పేరు మీదనే ఆడిన. నీకు ముఖం చూపించలేక ముళ్లల్లపడి తిరిగిన. నన్నేం చేస్తవో చెయ్యి. కాని నన్ను ఒక్కన్ని ఇడిసిపెట్టకు తండ్రీ. నాకు మస్తు భయమైతుంది."

ఆకాశంలో మెరుపేమీ మెరవలేదు. మోకు లావేమీ కాలేదు. అదే గాలి, అదే ఎత్తు. కానీ బిగబట్టిన ఊపిరి వదులైంది. ఎన్నాళ్ల నుంచో మూసి ఉన్న ఇంటి తలుపు తోస్తే, లోపల మనవాళ్లే కూర్చుని ఉన్నట్టు అనిపించింది. ఇంకొంచెం సేపు పట్టుకోగలననుకున్నాడు.

అంతలో కింది నుంచి పాదాల రాపిడి వినబడింది. ఎవరో చెట్టెక్కుతున్నారు. తల కొంచెం తిప్పి చూస్తే, భుజానికి పెద్ద తాడు వేసుకుని వస్తున్నది సోమనర్సయ్య!

"భయపడకు తమ్మీ" అన్నాడు సోమనర్సయ్య రొప్పుతూ. "నేను నీ కిందికి వచ్చి నిలబడుత. నా భుజం మీద నీ బరువు ఎయ్యి. తాడు కడుత. నలుగురం కలిసి దించుతం."

ఉప్పలయ్యకు లెక్క అర్థమైంది. తన మోకు తెగితే తను ఒక్కడే పోడు. కింద నిలబడిన సోమనర్సయ్యను కూడా ఊడ్చుకుని పోతాడు. ఆయన ఇంట్లో పెళ్లి కావలసిన పిల్ల ఉంది. చెప్పకపోతే తను బతకొచ్చు. చెబితే ఈయన కోపంతో దిగిపోవచ్చు. వెనకటి ఉప్పలయ్య అయితే నోరు మూసుకునేవాడే.

"అన్నా, ఆగు! నా కిందికి రాకు!" అన్నాడు. "నీ కల్లు దించింది నేనే. మోకు మీద చెయ్యేసి అబద్ధమాడిన. ఈ మోకును నమ్మి నువ్వు నిలబడకు. పడితే నేనొక్కన్నే పడుత."

సోమనర్సయ్య ఆగిపోయాడు. ఉప్పలయ్య కళ్లు మూసుకోలేదు. 'కాటమయ్యా, నీవే దిక్కు' అని మాత్రం అనుకున్నాడు.

పాదాల రాపిడి మళ్లీ మొదలైంది. కిందికి కాదు, పైకి. సోమనర్సయ్య భుజం వచ్చి ఉప్పలయ్య వీపుకు గట్టిగా ఆనింది.

"ఆ సంగతి కింద మాట్లాడుత" అన్నాడు పళ్లు బిగించి. "నిన్ను పడెయ్యాలనుంటే కాటమయ్య నన్నెందుకు ఎక్కిస్తడురా? నోరు మూసుకొని నడుము వంచు."

తాడును ఉప్పలయ్య చంకల కింద చుట్టాడు. పైన గట్టి మట్టల మొదట్లో వేసి, కొస కిందికి వదిలాడు. నలుగురు మగవాళ్లు దాన్ని పట్టుకున్నారు.

"ఇప్పుడు ఆ మట్ట వదిలెయ్" అన్నాడు సోమనర్సయ్య.

వేళ్లు రాలేదు. అంతసేపూ ప్రాణం నిలిపింది ఆ పట్టే కదా, ఎట్లా వదులుతాడు! కింద నేల గిర్రున తిరుగుతోంది. "నా వల్ల కాదన్నా" అని గొణిగాడు.

"నీ వల్ల కాదులే. ఎవరిని పిలిచినవో ఆయన వల్ల అయితది. వదులు."

ఉప్పలయ్య గట్టిగా ఊపిరి పీల్చాడు. "కాటమయ్యా!" అని ఈసారి వనమంతా వినబడేలా అరిచి చెయ్యి వదిలేశాడు. ఒక్క జానెడు జారాడు. కింద అండాలు కెవ్వుమంది. తాడు బిగిసింది, ఆగింది. సోమనర్సయ్య ఇరుక్కున్న పాదం విడిపించి, మోకు విప్పాడు. మెల్లగా, చెట్టుకు రాసుకుంటూ, మనిషి కిందికి దిగాడు.

నేల తగలగానే అండాలు అతని తల ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఎవరో నీళ్లు తాగించారు. చివరగా సోమనర్సయ్య దిగాడు. అందరూ ఆయన్ని మెచ్చుకుంటుంటే ఉప్పలయ్య మోకాళ్ల మీద లేచి, అందరి ముందూ జరిగినదంతా చెప్పాడు. ఒక్క ముక్క దాచలేదు. అండాలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సోమనర్సయ్య వచ్చి అతని చెంప మీద ఒక్కటిచ్చాడు. ఆ వెంటనే తనే కళ్లు తుడుచుకున్నాడు. "ఆ రోజు నా బిడ్డ ముఖం చూసినవారా నువ్వు? వచ్చినోళ్లు లేచి ఎల్లిపోతుంటే తలుపు చాటుకు పోయి ఏడ్చింది" అన్నాడు.

"కొట్టన్నా, ఇంకా కొట్టు" అన్నాడు ఉప్పలయ్య.

"కొడితే ఏమొస్తది? రేపు నాతో రా. ఆ చుట్టాల ఇంటికి పోదాం. తప్పు నాది కాదు, నీదని వాళ్ల ముఖం మీద చెప్పు."

"వస్త. ఎవరి ముందైనా చెప్త."

ఐలయ్య తాత ఆశ్చర్యంగా చూశాడు. "నువ్వేనారా ఈ మాట అనేది? భయమైతలేదా?"

"అయితుంది తాతా, ఎందుకు కాదు! కాళ్లు ఇంకా వణుకుతున్నయి" అన్నాడు ఉప్పలయ్య. "కాకపోతే భయమేస్తే ఎవరి దగ్గరికి ఉరకాల్నో ఇప్పుడు ఎరుకైంది."

నీతి: తప్పు చేశామని దేవుడికి దూరంగా పారిపోతే ఆ భయమే మనల్ని తినేస్తుంది, నిజం ఒప్పుకుని ఆయన దగ్గరికే పరుగెత్తితే, ఎంతటి ఆపదలోనైనా ఆయనే దిక్కు, ఆయనే ధైర్యం.