గజశాలలో బాలింత

మనుషులకు లేని సుఖం ఏనుగులకు దక్కిన ఒకానొక రాజ్యంలో చండకేతుడనే రాజు ఉండేవాడు. చెడ్డవాడు కాదు గానీ, గొప్పలకు పోయే మనిషి. అతడి కొలువులో కొండుభట్టు అనే విదూషకుడు ఉండేవాడు.

ఒకనాడు కోట గోడకు మట్టి మోసే చెంగమ్మ చంకలో పసిగుడ్డుతో కొలువుకు వచ్చింది.

"దొరా, పచ్చి బాలింతను. తట్ట మోస్తుంటే పాలు పడటం లేదు, బిడ్డ నీరసించిపోతున్నాడు. వీడు కాస్త నిలదొక్కుకునేదాకా పని మాన్పించి, తిండిగింజలు ఇప్పించండి" అంది.

రాజు మీసం దువ్వాడు. "కన్న మరునాడే చేలోకి పోయిన ఆడవాళ్ల కథలు మేం ఎన్ని వినలేదు!"

"ఆ బిడ్డలు బతికారా ప్రభూ?" అని అడిగాడు కొండుభట్టు.

"అది కథలో లేదు" అని కసిరి, రాజు ఆమెను పంపేశాడు. విన్న కథలతో రాజ్యం ఏలితే ఇంతే మరి.

మరునాడు పొరుగు రాజ్యపు రాయబారి వచ్చాడు. రాజు అతణ్ణి గజశాలకు తీసుకువెళ్లి, అప్పుడే పుట్టిన గున్నను చూపించాడు.

"మా తాతగారి కాలంలో ఈనిన ఏనుగు చేత వెంటనే దుంగలు లాగించేవారు. గున్నలు సగం చచ్చేవి. మా నాన్నగారు అది చూసి, గున్న పాలు మరిచేదాకా తల్లికి పని మాన్పించి మేపు పెంచారు. ఆ తర్వాత ఒక్క గున్న పోలేదు. మేం కళ్లారా చూడనిదే ఏదీ నమ్మం" అన్నాడు గర్వంగా.

అంతలో పక్క కొట్టంలోంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. తొంగిచూస్తే మెత్తటి గడ్డి మీద చెంగమ్మ కూర్చుని బిడ్డకు పాలిస్తోంది. ముందు ఏనుగులకు వండిన బెల్లపన్నం ఉంది.

"ఈమె ఇక్కడెందుకుంది?" అని అడిగాడు రాజు.

"తమరి రాజ్యంలో బాలింతకు తిండీ విశ్రాంతీ దొరికే చోటు ఇదొక్కటే ప్రభూ. అందుకని ఈమెను ఏనుగుల్లో చేర్పించాను" అన్నాడు వెంట వచ్చిన కొండుభట్టు.

రాజు పకపకా నవ్వాడు. "ఏనుగైతే తొండమేదయ్యా?"

"అది లేకపోవడమే ఈమె చేసుకున్న పాపం ప్రభూ."

రాయబారి నవ్వలేదు, తల దించుకున్నాడు. అది చూసి రాజు నవ్వు ఆపేశాడు. "ఇది తొలిచూలా అమ్మా?" అని చెంగమ్మను అడిగాడు.

"మలిచూలు దొరా. పెద్దవాణ్ణి గోడ పక్కన తట్టలో పడుకోబెట్టి మట్టి మోశాను. దక్కలేదు."

రాజుకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. శాలలో ప్రతి గున్న పేరూ అతడికి తెలుసు. తన గోడ పక్కనే పోయిన పిల్లవాడి సంగతి మాత్రం ఇప్పుడే తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

బాలింతలకు పని మాన్పించి, ఇంటికే గింజలు పంపాలని ఆ పూటే ఆజ్ఞ ఇచ్చాడు. కొండుభట్టుకు తన శాలువా తీసి కప్పాడు గానీ, అతడి కళ్లలోకి చూడలేకపోయాడు.

ఆజ్ఞను రాతి మీద చెక్కే శిల్పి వచ్చి, "ఎప్పటిలాగే తమ బిరుదులన్నీ పైన చెక్కమంటారా ప్రభూ?" అని అడిగాడు.

"వద్దు" అన్నాడు రాజు మెల్లగా. "ఏనుగుల తర్వాత మనుషులు గుర్తొచ్చినవాడికి బిరుదులేమిటి?"