మొగలి విప్పుకోని జడ

దువ్వెన కనబడగానే పెరట్లోకి పరుగెత్తింది నువ్వే కదూ? మొన్న వేసిన జడ ఇవాళ్టికీ అలాగే ఉంది. చిక్కు తీస్తుంటే అమ్మ మీద కేకలు కూడానా? సిగ్గుండాలి! ఇలా కూర్చో. కదిలావంటే ఊరుకోను. తలను పట్టించుకోని ఒకావిడ సంగతి చెబుతాను, విను.

ఒకప్పుడు మొగలి ఒంటి మీద ఒక్క ముల్లు కూడా ఉండేది కాదు. సముద్రపు ఒడ్డున, ఇసుక దిబ్బ మీద, సరివి చెట్టులా నిటారుగా నిలబడేది. దాని ఆకులు పట్టుదారాల్లా మెత్తగా, నేలదాకా జారుతుండేవి. రోజూ పొద్దున్నే గాలి వచ్చి వాటిని దువ్వేది.

"తల వంచవే పిల్లా, నాకవతల బోలెడు పనుంది" అని గాలి కసిరేది. మొగలి నవ్వుతూ వంచేది.

ఒకసారి ఏటి కూతురికీ సముద్రుడి కొడుక్కీ పెళ్ళి కుదిరింది. మొగలిని తోడిపెళ్ళికూతురుగా రమ్మన్నారు. అంత పెళ్ళికి విరబోసిన తలతో వెళతారా? గిజిగాడికి కబురు పంపారు. అల్లికలో ఆ పిట్టను మించినవాడు ఆ ఒడ్డున లేడు.

గిజిగాడు ముక్కుతో పాయ అందుకున్నాడు, కాలితో తొక్కిపట్టాడు, కిందనుంచి దూర్చాడు, పైకి లాగాడు. పొద్దు వాలేసరికి మొగలి ఆకులన్నీ ఒక్క జడై, నడుము చుట్టూ తిరిగి కూర్చున్నాయి.

"అమ్మాయ్, మా ఇంటి పద్ధతి ఒకటుంది" అన్నాడు గిజిగాడు. "అల్లిన ముక్కుతోనే విప్పాలి. కొసనుంచి మొదలుపెట్టి, నూనె రాస్తూ, పాయ పాయా వదులు చెయ్యాలి. పెళ్ళివారు కదలగానే వచ్చేస్తాను."

పెళ్ళిలో ఎవరి నోట విన్నా ఆ జడ మాటే. "పెళ్ళికూతురు ఏమైపోయిందో గానీ, నా కళ్ళు నీ జడ మీదే ఉన్నాయే తల్లీ!" అంది గూడకొంగ. పీత రెండు చేతులూ ఎత్తి దాని చుట్టూ చిందులేసింది. మొగలికి కాళ్ళు నేల మీద ఆగలేదు.

పెళ్ళి అయిపోయింది. గిజిగాడు కొబ్బరిచిప్పలో నూనె పట్టుకుని వచ్చాడు.

"రేపు రా మావా! ఇవాళ చుట్టాలొస్తున్నారు" అంది మొగలి.

మర్నాడు తలనొప్పి అంది. ఆ మర్నాడు నిద్రపోతున్నట్టు నటించింది. గిజిగాడు ఎన్నాళ్ళని తిరుగుతాడు? చివరికి నూనె చిప్ప అక్కడే పెట్టి, తాటిచెట్టు మీద తన గూడు తను కట్టుకోవడానికి పోయాడు. ఆ నూనె ఎండకు ఆరిపోయింది.

గాలి మాత్రం ఊరుకోలేదు. "ఏమే, ఆ తల ఎన్నాళ్ళు మోస్తావు? లోపల ఇసుక చేరింది, ఉప్పు పేరుకుంది. చీమలు కాపురం పెట్టాయి కూడాను!"

"నీకు కుళ్ళు" అంది మొగలి, పక్కకు తిరిగి గోక్కుంటూ.

తొలకరి పడింది. జడ తడిసింది, ఎండింది, మళ్ళీ తడిసింది. పాయకు పాయ అతుక్కుని మోకులా బిగిసింది. సరిగ్గా అప్పుడే జడ నడుమ ఏదో కదిలింది.

"అమ్మా!" అని సన్నని గొంతు. అది మొగలి కడుపులో పడ్డ తొలి పువ్వు. "దారి ఇవ్వమ్మా, ఊపిరాడటం లేదు!"

మొగలి గబగబా జడ పట్టుకుని లాగింది, రాలేదు. గింజుకుంది, ఇంకా బిగిసింది. "గిజిగాడు మావా, నా బిడ్డ!" అని గొల్లుమంది.

గిజిగాడు పిల్లలకు మేత పెడుతున్నవాడల్లా వదిలేసి వచ్చాడు. జడ చుట్టూ తిరిగి చూసి నిట్టూర్చాడు.

"ముందు పువ్వు దగ్గరి పాయ కాస్త సడలిస్తాను, బిడ్డకు ఊపిరాడుతుంది. మిగతాది కొసనుంచి విప్పుకుంటూ రావాలి. ఈ వానాకాలమంతా పడుతుంది. ఓర్చుకుంటావా?"

"వానాకాలమంతానా?" మొగలి అదిరిపడింది. "సగం జడ, సగం చింపిరి తలతో నలుగురిలో నిలబడనా? పీత చూస్తే ఏమంటుంది?"

"పీత సంగతి నాకెందుకు? బిడ్డ సంగతి చెప్పు."

మొగలి అతని మాట వినలేదు. గాలిని పిలిచింది. "నువ్వు బలమైనదానివి. ఒక్క ఊపున లాగెయ్, ఇప్పుడే తేలిపోవాలి!"

"కుదుళ్ళ దగ్గర్నుంచి లాగకూడదే, పిచ్చిదానా!" అంది గాలి.

"లాగుతావా, లేదా? నా బిడ్డ పోతే నీదే పాపం!"

ఆ మాటకు గాలికి రోషం వచ్చింది. సముద్రం మీదికి వెనక్కి నడిచి, ఒక్క ఉరుకున వచ్చి జడను గుంజింది.

జడ విడిపోలేదు. జడతోపాటు మొగలి ఒళ్ళంతా గిర్రున మెలితిరిగింది. ఆకుల అంచులు పర్రున చీలి, చీలిన ప్రతి పోగూ కొక్కెంలా వంగి ముల్లైంది. మొగలి పక్కకు ఒరిగిపోతూ, పడిపోకుండా చేతులు ఇసుకలో గుచ్చి నిలదొక్కుకుంది. ఆ పెనుగులాటలో పువ్వు మాత్రం ఎలాగో బయటపడింది. చీకట్లో నలిగి, పాలిపోయి, కమ్మటి వాసన వేస్తూ తల్లి ఒళ్ళో పడింది.

మొగలి ఆత్రంగా బిడ్డను దగ్గరికి తీసుకుంది. పువ్వు కెవ్వుమంది. తల్లి వేళ్ళన్నీ ముళ్ళే!

"మావా, ఈ ఒక్క చిక్కయినా తీసిపో!" అని మొగలి ఏడ్చింది. గిజిగాడు ముక్కు చాచి, ముల్లు తగిలి వెనక్కి తీశాడు. "ఇక నా చేతిలో లేదమ్మా" అని కళ్ళు తుడుచుకుని ఎగిరిపోయాడు.

అప్పటినుంచే మొగలి ఆకులు విప్పని జడలా కాండం చుట్టూ మెలిక తిరిగి ఉంటాయి. అంచుల్లోనూ, నడి ఈనె మీదా ముళ్ళుంటాయి. ఒరిగిన ఒంటిని ఊడలు మోస్తుంటాయి. పువ్వు పాలిపోయే పుడుతుంది. దాని వాసన ఊరంతా పోతుంది గానీ, కోయబోయినవాడి చేయి గీరుకోక తప్పదు. ఇక మొగలి సంగతా? కన్నబిడ్డను ఇవాళ్టికీ ముళ్ళు గుచ్చకుండా ఒక్కసారైనా కావలించుకోలేదు.