కంటతడి కార్యక్రమం

సామర్లకోట రైల్వే స్టేషన్ వెనక 'నీడపట్టు' అనే పిల్లల ఆశ్రయం నడిపే సౌదామినికి, వచ్చిన అతిథి కళ్లు తడవకుండా గేటు దాటితే ఆ పూట అన్నం సయించేది కాదు.

అలాగని ఆవిడ చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే ఈ కథతో పనే లేదు, నాలుగు తిట్టి ఊరుకోవచ్చు. కాలేజీలో పాఠాలు చెప్పే ఉద్యోగం వదులుకుని, ప్లాట్‌ఫారం మీద తప్పిపోయిన పిల్లల్ని చేరదీసి, రేకుల షెడ్డులో తనే వండి పెట్టిన మనిషి. జ్వరమొచ్చిన పిల్లని భుజాన వేసుకుని వానలో ఆసుపత్రికి పరుగెత్తిన మనిషి. అప్పట్లో ఆవిడని అందరూ 'అక్కా' అనేవాళ్లు. ఒకసారి ఒక పిల్ల కథ విని ఒక పెద్దమనిషి వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడ్చినాయన రేకులు తీయించి స్లాబు వేయించాడు. అదిగో, అక్కడ తగులుకుంది జబ్బు. అక్క కాస్తా 'డైరెక్టరు మేడమ్' అయింది. పిల్లల కష్టం కాస్తా కార్యక్రమం అయింది.

ఇక ఎవరొచ్చినా అదే తంతు. ఎవరిదో పుట్టినరోజు, ఎవరిదో పెళ్లిరోజు. కేకు పట్టుకుని ఇక్కడికే రావాలి, అదీ ఆలస్యంగా రావాలి. అంతసేపూ పిల్లలు పూలు పట్టుకుని వరసగా నిలబడాలి. స్వాగతం పాట అయ్యాక ఒక పిల్ల మైకు ముందుకొచ్చి తన కథ చెప్పాలి. ఆ తర్వాత ఫొటోలు. చిన్నపిల్లలు కేకు వైపు చూసి గుటకలు మింగుతున్నా, ఫొటోలయ్యాకే కత్తి లేచేది.

మైకు ముందు అందరికంటే బాగా చెప్పేది నూకరత్నం. పదేళ్ల పిల్ల. అమ్మానాన్నా పోతే పిన్ని అప్పలనర్స దగ్గర పెరిగింది. పిన్ని ఇటుక బట్టీ పనికి పోతూ వెంట తీసుకెళుతుంటే, జనం తోపులాటలో ఈ స్టేషన్లో తప్పిపోయింది. ఆ బట్టీ ఏ ఊళ్లోనో పిల్లకి తెలియదు.

కథ నేర్పుతున్న మొదటి రోజే రత్నం అడిగింది. "మేడమ్, మరి పిన్ని సంగతి ఎక్కడ చెప్పాలి?"

"పిన్ని వద్దులే నాన్నా. పిన్ని ఉందంటే వినేవాళ్ల మనసు కరగదు. 'ఈ లోకంలో నాకు ఎవరూ లేరు, నీడపట్టే నా అమ్మ' అను. అని, కాస్త ఆగు. ఆగి, కిందకి చూడు."

"పిన్ని ఉంది కదా మేడమ్?"

"ఉందమ్మా, వెతికిస్తున్నాను కదా! ఇది ఊరికే, అతిథుల కోసం."

ఊరికే అట! పసిపిల్ల నోటికి ఒక మాట అంటగట్టి, అది అక్కడే ఊరికే ఉంటుందనుకోవడం ఎంత చదువుకున్న తెలివో!

రత్నం అంది, ఆగింది, కిందకి చూసింది. హాలంతా ముక్కులు చీదుకుంది. "శభాష్ రత్నం, ఇవాళ అందర్నీ ఏడిపించేశావ్!" అని సౌదామిని బుగ్గ నిమిరింది. ఆ నిమరడం కోసం ఆ పిల్ల ఎన్నిసార్లు చెప్పమన్నా చెప్పేది.

వెతికించిన మాట మాత్రం నిజం. మనుషుల్ని పంపి, బట్టీలన్నీ గాలించి, సౌదామిని చివరికి అప్పలనర్సని పట్టుకుంది. పిల్లని అప్పగించాలంటే జిల్లా బాలల సంక్షేమ కమిటీ ఒప్పుకోవాలి. అప్పలనర్స దగ్గర కాగితాలేవీ లేవు. రేషన్ కార్డులో పిల్ల పేరు లేదు. ఆవిడ పిన్ని అనడానికి రుజువంటూ ఉంటే అది రత్నం నోటిమాటే.

కమిటీ గది బయట రత్నం వణికింది. సౌదామినికి విసుగొచ్చింది. అంతమంది ముందు మైకు పట్టుకునే పిల్ల, సరిగ్గా ఇవాళే వణకాలా! పైగా మధ్యాహ్నం అతిథులు వస్తున్నారు.

"ఏమిటే ఆ భయం? మన హాల్లో చెప్పినట్టే చెప్పు. అంతే!"

రత్నం చెప్పినమాట వినే పిల్ల.

లోపల కమిటీ అధ్యక్షురాలు సుగుణకుమారి మెల్లగా అడిగింది. "నీకు ఎవరెవరున్నారు తల్లీ?"

రత్నం నిటారుగా నిలబడి చేతులు కట్టుకుంది. "ఈ లోకంలో నాకు ఎవరూ లేరు. నీడపట్టే నా అమ్మ," అంది. ఆగింది. కిందకి చూసింది.

గోడవార నిలబడ్డ అప్పలనర్స చేతిలోంచి సంచి జారిపడింది. పిల్లకని తెచ్చిన కొత్త గౌను నేల మీద పడింది. "ఓలమ్మీ, నన్ను సూడే! నానే, పిన్నిని! నానున్నానే!"

పిల్ల పిన్ని వైపు చూసింది. మేడమ్ వైపు చూసింది. ఏది చెబితే తప్పో తెలియక నోరు మూసేసుకుంది. ఆ తర్వాత ఎంత అడిగినా పెదవి విప్పలేదు.

సౌదామిని లేచి నిలబడింది. "మేడమ్, అది అతిథుల కోసం నేను నేర్పిన మాట. ఈవిడ నిజంగా పిన్నే."

సుగుణకుమారికి ఒళ్లు మండింది. "పోయిన బాలల దినోత్సవానికి నేనూ మీ అతిథినేనమ్మా. ఆ మాటకి నేనూ ఏడ్చాను. అప్పుడు నిజమన్నారు, ఇప్పుడు నేర్పానంటున్నారు. ఈ పిల్ల ఇప్పుడు 'పిన్ని' అన్నా, అదీ మీరు నేర్పింది కాదని నేనెలా నమ్మేది? బంధువులమని వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని చూస్తూనే ఉన్నాం. ఊరికి మనిషిని పంపి విచారించేదాకా పిల్లని ఇవ్వను."



అప్పలనర్స గౌను దులిపి సౌదామిని చేతిలో పెట్టింది. "నా పిల్ల నోట్లోంచి నన్నెందుకు తీసేసినావమ్మా?" అంది. ఒక్కతే బస్సెక్కింది.

తిరిగి వస్తుంటే జీపులో రత్నం మేడమ్ చెయ్యి పట్టుకుంది. "బాగా చెప్పానా మేడమ్? పిన్ని ఒక్కతే ఏడ్చింది. మిగతావాళ్లు ఏడవలేదు."

ఈసారి సౌదామిని బుగ్గ నిమరలేకపోయింది.

నీడపట్టులో అతిథులు కూర్చుని ఉన్నారు. పిల్లలు పూలతో నిలబడి ఉన్నారు. సౌదామిని తిన్నగా వెళ్లి మైకు వైరు పీకేసింది.

"అదేంటి మేడమ్, పిల్లల కథ లేదా? మావాళ్లు అది వినాలనే వచ్చారు," అన్నాడు అతిథి, నొచ్చుకుంటూ.

"లేదండీ. వాళ్లకి ఆకలేస్తోంది, కేకు కోసి పెట్టండి. కథే కావాలంటే నాది చెబుతాను. విని ఏడుద్దురుగాని."

ఆయన మళ్లీ రాలేదు. ఆయనలాంటివాళ్లు ఇంకా కొందరు రావడం మానేశారు. కడుతున్న పై అంతస్తు మొండిగోడల దగ్గరే ఆగిపోయింది. ఆగితే ఆగింది అంది సౌదామిని.

విచారణకి వానాకాలమంతా పట్టింది. అన్నాళ్లూ ఆవిడ రత్నానికి ఏమీ నేర్పలేదు, ఏమీ అడగలేదు. ఒక ఉదయం తల దువ్వుతుంటే పిల్ల తనంతట తనే విసుక్కుంది. "అబ్బా, మా పిన్ని ఇంత గట్టిగా జడ వెయ్యదు మేడమ్! పిన్ని చేతి మీద ఇటుక పడిన మచ్చుంది, అయినా మెత్తగా వేస్తుంది." విచారణకి వచ్చిన అధికారికీ అదే మాట, అదే విసుగుతో చెప్పింది. ఎక్కడా ఆగలేదు. కిందకి చూడలేదు.

మచ్చ సరిపోయి, కమిటీ ఒప్పుకుని, అప్పలనర్స మళ్లీ వచ్చేసరికి ఆ కొత్త గౌను పొట్టయిపోయింది. ఆ పొట్టి గౌనులోనే రత్నం ఇంటికి వెళ్లింది.

అన్నం పెట్టినంత మాత్రాన ఒకరి కష్టాన్ని మన అవసరానికి దిద్దుకునే హక్కు మనకి రాదు. దిద్దుకున్నామంటే, రేపు వాళ్లు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.