ఎరకమ్మ జుట్టు ఆగిన మూడు నెలలు

ఒకప్పుడు ఆడదాని జుట్టు వాయిదాలు వేసేది కాదు.

కష్టం ఎప్పుడొస్తే అప్పుడే రాలేది. పొద్దున జ్వరమొస్తే మధ్యాహ్నానికి గుప్పెడు. కాన్పయితే ఆ పూటే దోసెడు. అందరూ తిన్నాక అడుగున మిగిలిన గంజి తాగి పడుకునే ఆడదానికి రోజూ కాసిని. జడ బిగించి లాగితే నుదుటి దగ్గర కొన్ని. ఎవరైనా మాటంటే, ఆ మాట బరువును బట్టి.

దాచడానికి వీల్లేదు. ఇల్లు ఊడిస్తే బయటపడిపోయేది.

మగవాళ్ల తలలు కూడా పలచబడేవి. కానీ దానికి కారణం ఎవరూ అడిగేవారు కాదు. ఆలోచన ఎక్కువై ఊడిందనేవారు. ఆడవాళ్లది ఊడితే మాత్రం ఏం చేసిందో కనుక్కోమనేవారు.

కొండ కింద, గెడ్డ ఒడ్డున ఒక ఊరుండేది. గెడ్డంటే కొండమీంచి దిగే చిన్న ఏరు. ఆ ఊరివాళ్లు బాగా తెలివైనవాళ్లు. రోగం ఉన్న ప్రతి ఇంట్లోనూ నేలమీద వెంట్రుకలు ఉండటం గమనించారు. రోగం వల్ల వెంట్రుకలు రాలాయా, వెంట్రుకల వల్ల రోగం వచ్చిందా అని కూర్చుని ఆలోచించారు. ఆలోచించినవాళ్లకు వంట పనీ నీళ్ల పనీ పిల్లల పనీ లేవు కాబట్టి చాలాసేపే ఆలోచించారు. చివరికి తప్పు వెంట్రుకలదేనని తేల్చారు.

అప్పుడొక కట్టుబాటు పెట్టారు. జుట్టు రాలుతున్న ఆడది రోగి మంచం దగ్గరికి రాకూడదు.

అంటే ఏమైంది? ఎవరికైనా జబ్బు చేస్తే బెంగపడ్డవాళ్లను బయటికి పంపేవారు. బెంగ లేనివాళ్లను పక్కన కూర్చోబెట్టేవారు. వాళ్లు హాయిగా కూర్చునేవారు. ఆవలించేవారు కూడా.

ఆ ఊళ్లో ఎరకమ్మ అని ఒకావిడ. ఆవిడకు ఒక్కతే కూతురు, ఏడేళ్ల పోలి.

పొలంలో చోళ్లు చల్లుతున్న రోజున పోలికి జ్వరం తగిలింది. చోళ్లంటే రాగులే. కబురు విని ఎరకమ్మ చేతులు కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చింది. పిల్ల ఒళ్లు పెనంలా ఉంది. కళ్లు తెరవడం లేదు.

ఎరకమ్మ ఏడవలేదు. తడిగుడ్డ తీసుకుంది. అప్పుడే ఆ గుడ్డ మీద ఒక వెంట్రుక పడింది. తరవాత నాలుగు. తరవాత పాయలు పాయలుగా.

చూరు మీది ఆడపిచ్చుక తొంగి చూసింది.

"ఏమయ్యా, ఇటురా. ఎరకమ్మ తల నుంచి బాగా దిగుతోంది. ఈసారి గూడు మెత్తగా ఉంటుంది."

"పిల్లకేమైందో?" అంది మగపిచ్చుక.

"ఏమో. పొడుగ్గా ఉన్నాయి చూడు."

ఎరకమ్మ అత్త అచ్చియ్యమ్మ చీపురు పట్టుకుని వచ్చింది.

"ఏటే ఇది?"

"ఒళ్లు కాలిపోతోంది అత్తా."

"పిల్ల సంగతి కాదు. నేలమీద ఏటి అంటున్నాను."

ఊరిపెద్ద గవరయ్యకు కబురెళ్లింది. ఆయన తల చాలా ఏళ్ల కిందటే శుభ్రపడింది. గుమ్మంలోనే నిలబడి చూసి, తీర్పు చెప్పాడు.

"ఎరకమ్మా, పెరట్లో కూర్చో. రాలడం ఆగాక లోపలికి వద్దువు గాని."

"పిల్లకు తగ్గితే ఆగుతుంది మావా."

"ఆగితేనే తగ్గుతుంది."

"గంజి ఎవరు పోస్తారు?"

"నీ ఆడపడుచు లేదా? దాని జుట్టు చూడు, ఒక్కటి కదల్లేదు."

ఆడపడుచు గున్నమ్మ జుట్టు నిజంగానే కదల్లేదు. ఆవిడ మంచం పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటోంది.

ఎరకమ్మను పెరట్లోకి పంపి తలుపు వేశారు. లోపల పోలి "అమ్మా" అంది. "పడుకోవే" అంది గున్నమ్మ. పోలి మళ్లీ "అమ్మా" అంది, ఈసారి ఇంకా నీరసంగా. గున్నమ్మకు వినపడలేదు. కాయ చిట్లింది.

ఎరకమ్మ తన జుట్టు పిడికిట పట్టుకుంది.

"ఒసే, కాస్త ఆగవే."

"నాకు ఆగడం రాదు," అంది జుట్టు. "నీకు గుండె జారితే నేను జారతాను. మీ అమ్మకూ అంతే, వాళ్లమ్మకూ అంతే."

"జారొద్దనడం లేదు. తరవాత జారు."

"తరవాతంటే ఎప్పుడు?"

ఎరకమ్మ పొలం వైపు చూసింది. పొద్దున చల్లిన గింజలు మట్టిలో ఉన్నాయి.

"ఆ చోళ్లు కోతకొచ్చినప్పుడు."

"మూడు నెలలా? లోపల పట్టు తెగిపోయినా పైకి బాగున్నట్టు వేలాడుతూ ఉండాలా?"

"నేను ఉండటం లేదా?"



"సరే, ఉంటాను. కానీ తెగిన పట్టు మళ్లీ అతకదు. కోతల నాడు ఒక్కసారే దిగిపోతాను. అప్పటికి ఇవాళ్టి సంగతి ఎవరికీ గుర్తుండదు. నిన్నే అంటారు."

"అననీ."

"పోలి కూడా అనొచ్చు."

ఎరకమ్మ జుట్టు ముడేసుకుని లేచి తలుపు కొట్టింది.

గవరయ్య ఆవిడ ముడిని లాగి చూశాడు. ఒక్కటి ఊడలేదు. "చూశావా, మనసు కుదురుగా పెట్టుకుంటే ఎలా ఆగిందో," అన్నాడు. తన సలహా ఇంత త్వరగా పనిచేసినందుకు ఆయనకే ఆశ్చర్యం వేసింది.

పదకొండు రోజులు ఎరకమ్మ ఆ మంచం పక్కనుంచి కదల్లేదు. గంజి చెంచాతో పోసింది. పిల్ల మింగితే ఇంకో చెంచా. మింగకపోతే పెదాలు తడిపింది. ఊపిరి ఆగిందేమోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది, ఒకటికి పదిసార్లు. వేలు పెట్టిన ప్రతిసారీ నెత్తిమీద జుట్టు పళ్లు బిగపట్టుకుంది.

చూరు మీద పిచ్చుక విసుక్కుంది. "ఈవిడకు బిడ్డంటే ప్రేమ లేనట్టుంది. ఒక్కటి రాల్చదు."

గున్నమ్మ కూడా అదే మాట అంది. "మా వదినది రాతిగుండె. తల చూడండి, నున్నగా ఉంది."

పన్నెండో రోజు పోలి కళ్లు తెరిచింది. అమ్మను చూసింది. అంబలి అడిగింది, ఉల్లిపాయతో.

ఊరంతా సంతోషించి గవరయ్యకు దండం పెట్టింది. కట్టుబాటు వల్లే పిల్ల బతికిందన్నారు. ఆయన కాదనలేదు.

మూడు నెలలు గడిచాయి. చోడి వెన్నులు బరువెక్కి వంగాయి. పోలి చేలో పిట్టల్ని తోలుతూ గెంతుతోంది. కోతల నాడు పొద్దున్నే ఎరకమ్మ దువ్వెన పట్టుకుంది.

"వేళయింది," అంది జుట్టు.

"ఊఁ," అంది ఎరకమ్మ.

దువ్వెన నిండా వచ్చింది. చేతి నిండా వచ్చింది. పాపిట వెడల్పయింది. అచ్చియ్యమ్మ గోల పెట్టింది, జనం మూగారు.

"ఇప్పుడేటి కష్టం దీనికి? పిల్ల బాగుంది, పంట బాగుంది."

కారణం వెతకడం మొదలైంది. ముందు గెడ్డను పట్టుకున్నారు.

"నీళ్లు మారాయి," అన్నాడు గవరయ్య.

"ఈ నీళ్లే గున్నమ్మా పోసుకుంటోంది," అంది గెడ్డ. "ఆవిడ జుట్టు చూడండి."

గెడ్డ మాట ఎవరు వింటారు? దువ్వెనను పట్టుకున్నారు. "నాకు పళ్లున్నాయి గాని కొరకడం తెలీదయ్యా," అని మొరపెట్టుకుంది దువ్వెన. తరవాత కుంకుడుకాయను తిట్టారు. గాలిని తిట్టారు. పొరుగావిడ దిష్టి అంది. ఇంకొకావిడ మంగళవారం తలంటుకుందేమో అంది. గున్నమ్మ ముక్కు చిట్లించి "వయసు" అంది.

వైద్యాలు కూడా వచ్చాయి. మెంతులు నూరి పట్టించమన్నారు. ఉల్లిరసం పట్టించమన్నారు. మందారాకు, ఆముదం. సాయంత్రానికి ఎరకమ్మ నెత్తిమీద ఒక కూరకు సరిపడా సామాను చేరింది. పిడికెడు అన్నం ముందు తినమని మాత్రం ఎవరూ అనలేదు.

మూడు నెలల కిందట ఏం జరిగిందని కూడా ఎవరూ అడగలేదు.

నేలమీద పడిన జుట్టు ఆగలేక నోరు తెరిచింది. "నేను చెప్తాను వినండి. చోళ్లు చల్లిన నాడు..."

అచ్చియ్యమ్మ చీపురుతో ఊడ్చి అవతల పోసింది.

అందరూ వెళ్లిపోయాక పోలి వచ్చింది. అమ్మ వెనక నిలబడి, వెడల్పైన పాపిట మీద చెయ్యి పెట్టింది.

"అమ్మా, ఎందుకు రాలింది?"

ఎరకమ్మ పిల్ల మొహం చూసింది. బుగ్గలు నిండాయి. ఒళ్లు చల్లగా ఉంది.

"నీళ్లు పడలేదమ్మా," అంది.

"ఇక్కడ కొత్తవి వస్తున్నాయి," అంది పోలి, నుదుటి దగ్గర తడుముతూ. "గుచ్చుకుంటున్నాయి."

అప్పటినుంచే, ఆడదాని జుట్టు కష్టమొచ్చిన నాడు రాలదు. కాన్పు నాడు రాలదు, జ్వరం నాడు రాలదు, గుండె జారిన నాడు రాలదు. మూడు నెలలు పట్టుకుని, అంతా చక్కబడ్డాక, అందరూ నవ్వుతున్నప్పుడు రాలుతుంది. ఇంట్లోవాళ్లు నీళ్లు మారాయంటారు. ఆ తరవాత నుదుటి దగ్గర చిన్న చిన్న వెంట్రుకలు మొలిచి నిక్కబొడుచుకుంటాయి. ఎంత నూనె రాసినా, ఎంత దువ్వినా అణగవు. పాత జుట్టును బతిమాలినట్టు, ఆగమని వాటినెవరూ ఇంకా బతిమాలలేదు మరి.