మూడు పిడులు

"మనుషుల నోటి మాట నమ్ముడెట్ల?" అని నాగలింగం తన గురువు వడ్రంగి సోమాచారిని అడిగిన రోజు, అతని ఒళ్ళంతా మండిపోతోంది.

కలుపు కొడవళ్ళకు అతను సొంతంగా నలభై పిడులు చెక్కాడు. ఇవి నిలబడితే వేరే కొట్టు పెట్టుకొమ్మని గురువు మాట ఇచ్చాడు మరి. తన పిడికిలినే కొలతగా పెట్టుకుని, వేళ్ళు కుదురుగా కూర్చునేలా ఒక్కో పిడికి నాలుగు గాడులు తీశాడు. నూనె పట్టించి, కూలికి వచ్చే ఆడవాళ్ళ చేతుల్లో పెట్టి "మంచిగున్నయా అత్తా?" అని అడిగాడు. బంగారంలా ఉన్నాయన్నారు అందరూ. పది రోజులకు చూస్తే ఆ గాడులన్నీ గాజుపెంకుతో గీకేసి ఉన్నాయి. కొన్నిటికి పాతగుడ్డ చుట్టారు. నలభై చేసేముందు ఒక్క సాలు కలుపు తీసి చూడని మనిషికి కోపం మాత్రం ముంచుకొచ్చింది.

"మొహం మీద ఒకటి, ఎనక ఒకటి. అంతా అబద్ధాలోళ్ళే" అని పళ్ళు కొరికాడు.

మర్నాడు సోమాచారి మూడు కొడవళ్ళు తీసుకుని అతన్ని చేనికి నడిపించాడు. ఒకటి గాడుల పిడి, ఒకటి గుండ్రటిది, ఒకటి బల్లపరుపుది. ఏది ఎవరు చేశారో చెప్పకుండా, కలుపు తీస్తున్న సాయమ్మ ముందు పెట్టాడు.

"ఒక్కోదాంతోని ఒక సాలు తీసి, ఏది పారెయ్యాల్నో చెప్పు చెల్లె."

మూడు సాళ్ళూ తీసి సాయమ్మ నడుం ఎత్తింది. "గీ గాడులు నా వేళ్ళకు అందయి, పొక్కులొస్తున్నయి. గీ బల్లపరుపుది చేసినోడు జన్మల కలుపు తీయలే. గుండ్రటిది ఉండనీ. చివర బుడిపె పెట్టు, తడి చేతిల జారుతాంది."

బల్లపరుపుది సోమాచారి చేసినది. పెద్దాయన్ని అంత మాటంటుందా అని నాగలింగం విసురుగా లేచాడు. గురువు అతని భుజం పట్టి కూర్చోబెట్టి, చెవి మీది పెన్సిల్ తీసి గుండ్రటి పిడి చివర గుర్తు పెట్టుకున్నాడు.

తిరుగుదారిలోనూ నాగలింగం కోపం చల్లారలేదు. "ఈ ముచ్చట ఆనాడే చెప్తే వాళ్ళదేం పోయేది?"

"ఆనాడు నువ్వేమడిగినవో యాది చేసుకో" అన్నాడు సోమాచారి కటువుగా.

చాలా దూరం నడిచాక నాగలింగం గొంతు తగ్గించి అడిగాడు. "మరి నా కొట్టు?"

"వాళ్ళు నిన్ను మొహం మీద తిట్టిన నాడు పెట్టుకో."